పదిహేను వందల మాటల్లో

లినెన్ రూములో సిగ్నల్ ఒక్క కిటికీ దగ్గరే.
ఉతికొచ్చిన దుప్పట్ల మూట మీద కూర్చుంటాను,
ఒక చెవిలో క్లాసు, ఇంకో చెవి వార్డుకి.
మానిటర్ కూత మారితే
సారు వాక్యం సగంలో ఉండగానే లేస్తాను.
"ఎస్తేరు గారూ, వినిపిస్తోందా?"
తలూపుతాను,
కెమెరా కూడా ఆపేసి ఉందని మరిచిపోయి.

నలభై నాలుగేళ్లకి మళ్లీ నాకో రోల్ నంబరు.
పాసైతే రెండో అంతస్తు గాజు గదిలో కుర్చీ అంటున్నారు.
ఆ గదిలోంచి వార్డు కనపడదు.

ల్యాప్‌టాప్ మా పెద్దది కాలేజీ నుంచి వచ్చాకే నా వంతు,
అందాకా ఫోనే.
ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కి
సుల్తాన్ బజార్లో దిగేలోపు రెండున్నర పేజీలు,
నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని,
బొటనవేలితో అక్షరాలు పైకి తోస్తూ.
నాయకత్వం అంటే ఏమిటో
నారాయణగూడ వచ్చేసరికి దాదాపు అర్థమవుతుంది.
తలుపులు తెరుచుకుంటాయి,
జనం తోపులాటలో జారిపోతుంది.

పాఠంలో అన్నీ గడులు, గడి నుంచి గడికి బాణాలు.
పై గడిలో దార్శనికత,
అట్టడుగున సిబ్బంది.
మా దగ్గర నలభై మంచాలకి రాత్రిపూట ఇద్దరం,
ఆయా రాములమ్మని కలిపితే ముగ్గురం.
ఆమె ఏ గడిలోనూ లేదు.
పదకొండో మంచం ముసలాయనకి ఊపిరందట్లేదని
డాక్టరు కన్నా ముందు చెప్పింది మాత్రం ఆమే,
"అమ్మా, జర ఆయన గోళ్లు చూడు" అని.

మూడో మాడ్యూలు, మూడో ప్రశ్న:
మీరు మార్పుకి నాయకత్వం వహించిన ఒక సందర్భం.
పదిహేను వందల మాటలు మించరాదు.

నాకు తెల్లవారుజాము నాలుగింటి లహరి గుర్తొచ్చింది.
చేరి ఆర్నెల్లు.
ట్రే పట్టుకుని నా ముందు నిలబడింది,
అందులో ఖాళీ ఆంప్యూల్ గలగలమంటోంది.
"సిస్టర్, ఏడో మంచం ఇంజెక్షన్ తొమ్మిదికిచ్చేశా."
ఎవరూ చూళ్లేదు.
తనే చెప్పింది.

ముందు పరిగెత్తాం. డాక్టర్ని లేపాం.
పావుగంటకోసారి బీపీ, చేతిలో చెయ్యి.
ఆరున్నరకి తొమ్మిదో మంచం మనిషి కళ్లు నులుముకుని
ఇడ్లీ ఎప్పుడొస్తుందని అడిగాడు.

అప్పుడు తిరిగాను ఆమె వైపు.
నా నోట్లో మా పాత మేట్రన్ గొంతు సిద్ధంగా ఉంది,
ఇరవై ఏళ్ల కింద, రౌండ్స్‌లో, అందరి ముందూ
నా క్యాప్ తీయించి బల్ల మీద పెట్టించిన గొంతు.
ఆ రోజు తర్వాత నేను తప్పు చెయ్యలేదని కాదు.
చెప్పలేదు.

ఆ గొంతుని మింగాను,
నీళ్లు లేకుండా మాత్రలాగా.
"రాత్రి తిన్నావా?" అన్నాను.
తినలేదు. డబుల్ డ్యూటీ.
ఏడూ తొమ్మిదీ ఇద్దరూ నర్సింలే,
రెండు చార్టుల మీదా ఒకటే నీలం సిరా.
రాములమ్మ ఎక్కడిదో ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చింది.
ఒకే పేరున్న మంచాలన్నిటికీ
తండ్రి పేరు పెద్దక్షరాల్లో రాసి అంటించాం.
ఆ చీటీలు ఇంకా ఉన్నాయి.

ఇదంతా రాస్తే తొమ్మిది వందల మాటలైంది.
మిగతా ఆరు వందలకి సిద్ధాంతాలు తెచ్చి అతికించాను,
ఎవరు, ఏ సంవత్సరం, ఏ పేజీ.
"తిన్నావా"కి రిఫరెన్సు దొరకలేదు.
రాములమ్మ, మౌఖికం, అని రాసి
కొట్టేశాను.

అరవై రెండు మార్కులు.
పక్కన సారు వ్యాఖ్య:
అనుభవం బాగుంది, నాయకత్వం స్పష్టంగా లేదు.

నిన్న రాత్రి క్లాసు నడుస్తోంది.
గోడకవతల లహరి
కొత్తగా చేరిన పిల్లకి తొమ్మిదో మంచం సంగతి చెబుతోంది,
మందు పేరుతో సహా, టైముతో సహా,
తప్పు నాదే అని కూడా.
సారు ఏదో అడుగుతున్నారు.

నేను మ్యూట్‌లో ఉన్నాను.